బొమ్మలకు ప్రాణం పోసిన ఉద్యోగులు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, కార్టూను సినిమాల గురించి రాస్తానన్నాను. పెన్షన్ సవరణ, కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు వంటి అవసరమైన విషయాల నడుమ పిల్లలు చూసే బొమ్మల సినిమాల ప్రస్తావన ఏమిటని కొందరు పెద్దలు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా మంచిదే. నవ్వించడమే ఆ సినిమాల పని.

నాకు ఈ సరదా చిన్ననాటి నుంచీ ఉంది. ఇంగ్లీషు సినిమా ఆడే హాలులో అసలు చిత్రానికి ముందు వేసే ఏడు నిమిషాల టామ్ అండ్ జెర్రీ కోసం టిక్కెట్టు కొన్నవాణ్ణి. విరమణ తరువాత తీరిక దొరికింది గనుక, ఆ బొమ్మలు గీసిందెవరు, ఎలా గీశారు, వారి బతుకులు ఎలా గడిచాయి అని పుస్తకాలు వెదికి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ అది మనకు బాగా తెలిసిన కథలాగే కనిపించింది. వేళకు హాజరు వేయించుకుని, వారం వారం జీతం తీసుకుని, పెంపుదల కోసం ఎదురుచూసి, ఒక్కోసారి సమ్మె చేసి, ఒక్కోసారి ఉన్నపళంగా కొలువు పోగొట్టుకున్న వందలాది మామూలు ఉద్యోగుల కథ అది. ఆ కోణం నుంచే నాలుగు మాటలు మనవి చేస్తాను.

సెకనుకు ఇరవై నాలుగు

ముందుగా ఆ పనిలో ఎంత శ్రమ ఉందో చెప్పాలి. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ఏడు నిమిషాలంటే 420 సెకన్లు, అంటే 10,080 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములు తీసి సరిపెట్టుకున్నా ఐదు వేల పైచిలుకు బొమ్మలు కావాలి. పిల్లీ, ఎలుకా, కుక్కా ఒకేసారి తెరమీద పరుగెత్తితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ కంప్యూటర్లు లేని రోజుల్లో మనుషులు చేతితో గీసినవి.

1908లో ఫ్రాన్సులో ఎమీల్ కోల్ అనే చిత్రకారుడు 'ఫాంటాస్మగోరీ' అనే చిన్న చిత్రం తీశాడు. దాదాపు 700 బొమ్మలు గీస్తే అది తెరమీద నిమిషంన్నర కూడా ఆడదు. 1914లో అమెరికాలో విన్సర్ మెకే అనే పత్రికా చిత్రకారుడు 'గెర్టీ' అనే రాక్షసబల్లి చిత్రాన్ని తయారుచేసి వేదికమీద ప్రదర్శించాడు. చేతిలో కొరడా పట్టుకుని తెర పక్కన నిలబడి మెకే ఆజ్ఞాపిస్తుంటే, తెరమీద గెర్టీ వంగి నమస్కరించేది. మాట వినకుండా మారాం చేసేది. గదిమితే ఏడ్చేది. చివరకు మెకే తెర వెనుకకు వెళ్లగానే, అదే క్షణాన ఆయన బొమ్మ తెరమీద ప్రత్యక్షమై గెర్టీ వీపు ఎక్కి వెళ్లిపోయేది. ఒక గీతల బొమ్మకు అలగడం, సిగ్గుపడడం, మొండికెయ్యడం వంటి స్వభావం ఉండవచ్చునని జనానికి తెలిసింది ఆ చిత్రంతోనే.

ఆ చిత్రానికి వేల బొమ్మలు కాగితం మీద గీశారు. కదలకుండా ఉండే కొండలు, చెట్టు, నేల కూడా ప్రతి కాగితం మీదా మళ్లీ గీయాలి. ఆ పని చేసినవాడు జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్ర సహాయకుడు. ఒకే కొండను వేలసార్లు తిరిగి గీసిన ఆ కుర్రవాడి ఓర్పును తలుచుకుంటే, ఒకే లెడ్జరులో ఏళ్ల తరబడి అంకెలు ఎక్కించిన మన గుమస్తాలు గుర్తుకు రాక మానరు.

ఆ బాధ తప్పించింది ఎర్ల్ హర్డ్ అనే ఆయన. కదిలే పాత్రను పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు మీద గీసి, ఒకేసారి వేసిన నేపథ్య చిత్రం మీద పరచి ఫొటో తీసే పద్ధతికి 1914లో పేటెంటు కోరాడు. ఆ రేకునే 'సెల్' అన్నారు. తరువాత దాదాపు 75 సంవత్సరాలు ప్రపంచంలో కార్టూను చిత్రాలలో ఎక్కువ భాగం ఈ పద్ధతిమీదే నడిచాయి.

ఇంకో దారి కూడా ఉండేది. జర్మనీలో లోట్టే రైనిగర్ అనే మహిళ నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, కీళ్లు అమర్చి, వెనుకనుంచి వెలుగు వేసి ఫ్రేము ఫ్రేముగా కదిపి 1926లో 'ప్రిన్స్ అక్మద్ సాహసాలు' అనే పూర్తి నిడివి చిత్రం తీసింది. మన ఊళ్లలో తోలుబొమ్మలాట చూసినవారికి ఆ నీడల అందం గురించి వేరే చెప్పనక్కరలేదు.

పని ఒకరిది, పేరు ఒకరిది

సెల్ పద్ధతి రాగానే కార్టూను తయారీ కార్ఖానా పని అయింది. ముఖ్య యానిమేటర్ ఒక కదలికలో మొదటి భంగిమ, చివరి భంగిమ గీస్తాడు. నడిమి బొమ్మలన్నీ పూర్తిచేసేవాడు వేరు. వాళ్లను 'ఇన్‌బిట్వీనర్లు' అన్నారు. కొత్తగా చేరినవారికి ఇచ్చే పని అది. ఆ కాగితాలను చూసి సెల్ మీద సిరాతో గీతలు దిద్దేవారు ఒకరు, వెనుక వైపు రంగులు నింపేవారు మరొకరు. ఆ తరువాత కెమెరా. ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు ఫైలు వెళ్లినట్టే.

ఇన్ని చేతులు మారిన బొమ్మ కింద చివరకు ఎవరి పేరు పడింది? 1919లో పుట్టిన 'ఫెలిక్స్' అనే నల్లపిల్లి మూకీ చిత్రాల కాలంలో ప్రపంచమంతా పేరు పొందింది. చిత్రాల మీద పేరు స్టూడియో యజమాని పాట్ సలివన్‌ది. ఆ పిల్లిని ఊహించి, గీసి, చిత్రాలకు దర్శకత్వం వహించినవాడు ఆయన వద్ద జీతానికి పనిచేసిన ఆటో మెస్మర్ అని చరిత్రకారులలో ఎక్కువమంది నిర్ధారించారు. సలివన్ 1933లో మరణించాడు. మెస్మర్ ఆ తరువాత కూడా తన పేరు చెప్పుకోకుండా పత్రికల్లో ఫెలిక్స్ బొమ్మలు గీస్తూ, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో విద్యుద్దీపాల ప్రకటన బోర్డులకు కదిలే బొమ్మలు తయారుచేస్తూ ఉద్యోగ జీవితం ముగించాడు. 1960లు, 70లలో అభిమానులు, పరిశోధకులు ఆయనను వెదికి పట్టుకున్నప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. 1983లో మరణించేనాటికి ఆయనకు రావలసిన కీర్తి కొంతయినా వచ్చింది.

మిక్కీ మౌస్ కథ కూడా దాదాపు అలాంటిదే. 1928లో వాల్ట్ డిస్నీ చేతినుంచి 'ఆస్వాల్డ్' అనే కుందేలు పాత్ర జారిపోయింది. హక్కులు పంపిణీదారులవి. అతని వద్ద పనిచేసే యానిమేటర్లలో చాలామంది కూడా అటు వెళ్లిపోయారు. వెళ్లకుండా ఉండిపోయిన ముఖ్యుడు అబ్ ఐవర్క్స్. మిక్కీ రూపాన్ని గీసి, తొలి చిత్రాన్ని దాదాపు ఒంటిచేత్తో యానిమేట్ చేసినవాడు ఆయనే. రోజుకు 700 బొమ్మల వరకు గీసేవాడని చెప్పుకుంటారు. 1928 నవంబరు 18న న్యూయార్కులో విడుదలైన 'స్టీమ్‌బోట్ విల్లీ'లో బొమ్మకూ ధ్వనికీ కుదిరిన తాళం చూసి ప్రేక్షకులు ముగ్ధులయ్యారు. ఐవర్క్స్ 1930లో విడిపోయి సొంత స్టూడియో పెట్టి, అది సాగక 1940లో తిరిగి డిస్నీ వద్దకే ఉద్యోగానికి వచ్చి, సాంకేతిక విభాగంలో 1971లో మరణించేదాకా పనిచేశాడు. ఒక విచిత్రం కూడా చెప్పాలి. పోయిన ఆ ఆస్వాల్డ్ కుందేలు 2006లో డిస్నీ సంస్థకు తిరిగి వచ్చింది. దానికి బదులుగా ఆ సంస్థ ఒక క్రీడా వ్యాఖ్యాతను తన కాంట్రాక్టు నుంచి అవతలి సంస్థకు వదిలిపెట్టింది. బదిలీలలో ఇన్ని రకాలు మన సర్వీసులో కూడా చూడలేదు.

రంగులు నింపిన చేతులు

1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లో 'స్నోవైట్' ప్రదర్శించారు. నిడివి 83 నిమిషాలు. ఖర్చు సుమారు 15 లక్షల డాలర్లు. బొమ్మల సినిమాను గంటకు పైగా ఎవరు కూర్చుని చూస్తారని అంతకుముందు సినీరంగంలో ఎగతాళి చేసినవారున్నారు. తీరా చూస్తే పెద్దలు కూడా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. డిస్నీకి అకాడమీ వారు ఒక పెద్ద ఆస్కార్ ప్రతిమ, దాని పక్కన మెట్లు మెట్లుగా ఏడు బుల్లి ప్రతిమలు ఉన్న ప్రత్యేక బహుమతి ఇచ్చారు.

ఆ చిత్రంలో ప్రతి సెల్ మీదా సిరా గీత గీసినవారు, రంగు నింపినవారు స్త్రీలు. రేకు మీద వేలి ముద్ర పడకుండా చేతికి తొడుగు వేసుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి తేడా రాకుండా గీత లాగాలి. గీత వణికితే తెరమీద బొమ్మ వణుకుతుంది. వారి జీతం వారానికి ఇరవై డాలర్ల లోపు ఉండగా, అగ్రశ్రేణి యానిమేటర్లకు వారానికి 200 డాలర్లు, అంతకు మించి వచ్చేవి. యానిమేషన్ నేర్పమని అడిగిన ఒక యువతికి 1938లో ఆ సంస్థ పంపిన జవాబు ఇప్పటికీ భద్రంగా ఉంది. సృజనాత్మకమైన పని యువకులు మాత్రమే చేస్తారని, ఆడపిల్లలకు ఉన్నది సిరా, రంగుల పని మాత్రమేనని అందులో తేల్చి చెప్పారు. స్నోవైట్ ప్రారంభంలో సిబ్బంది అందరికీ కలిపి డిస్నీ ఒక కృతజ్ఞతా వాక్యం వేశాడు. ఆ తరువాత వచ్చే పేర్లలో ఈ స్త్రీల పేర్లు లేవు.

1942లో వచ్చిన 'బాంబీ'లో రెట్టా స్కాట్ అనే ఆమెకు యానిమేటర్‌గా తెరమీద పేరు పడింది. ఆ సంస్థలో ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. సుకుమారమైన లేళ్ల సినిమాలో ఆమె గీసినవి ఏమిటో తెలుసా? పళ్లు బయటపెట్టి తరుముకొచ్చే వేటకుక్కలు!

రెండు సమ్మెలు

పొపాయి, బెట్టీ బూప్ చిత్రాలు తీసిన ఫ్లైషర్ సోదరుల స్టూడియో న్యూయార్కులో ఉండేది. 1937 మే నెలలో అక్కడి ఉద్యోగులు సమ్మె చేశారు. జీతాలు, పనిగంటలు, యూనియన్ గుర్తింపు వారి కోర్కెలు. ఐదు నెలల తరువాత గుర్తింపు దొరికింది. మరుసటి సంవత్సరం యాజమాన్యం స్టూడియోనే దక్షిణాన ఉన్న మయామీకి తరలించింది.

డిస్నీ స్టూడియోలో సమ్మె 1941 మే నెలాఖరులో మొదలైంది. ఐరోపాలో యుద్ధం వల్ల విదేశీ ఆదాయం పడిపోయింది. 1940లో విడుదలైన 'పినోకియో', 'ఫాంటాసియా' పెట్టుబడి తేలేదు. కొత్త భవనాలకు అప్పులయ్యాయి. ఒకే పనికి ఒకరికొక జీతం, మరొకరికొక జీతం. పేస్కేలు అనే మాటే లేదు. తెరమీద పేర్లు వేయాలన్నది కూడా ఒక డిమాండు. సమ్మెకు ముందు నిలబడినవాడు ఆర్ట్ బాబిట్. 'గూఫీ' పాత్రకు నడక, స్వభావం దిద్దినవాడు, స్నోవైట్‌లో రాణి పాత్రను యానిమేట్ చేసినవాడు. తన జీతం బాగానే ఉన్నా, తన కింద పనిచేసే సహాయకుడికి రెండు డాలర్లయినా పెంచమని అడిగి విసిగినవాడు. అతన్ని, మరికొందరిని తొలగించగానే సమ్మె మొదలైంది. గేటు ముందు పట్టుకున్న అట్టలమీద సమ్మెదారులు తమ చేతితోనే డిస్నీ పాత్రల బొమ్మలు వేశారు. అంత అందమైన ప్లకార్డులు ఏ కార్మికోద్యమంలోనూ ఉండి ఉండవు.

సుమారు తొమ్మిది వారాల తరువాత ప్రభుత్వ మధ్యవర్తి ఉద్యోగుల పక్షాన తీర్పు చెప్పాడు. యూనియన్ గుర్తింపు, జీతాల పెంపు, తెరమీద పేర్ల పద్ధతి వచ్చాయి. అయితే ఆ ఇంట్లో పాత చనువు మళ్లీ రాలేదు. రెండు పక్షాల వారికీ గాయాలు మిగిలాయి. డిస్నీ తన మనుషులే తనకు ద్రోహం చేశారని నమ్మాడు. సమ్మెలో పాల్గొననివారు కూడా దెబ్బతిన్నారు. తొమ్మిదేళ్ల వయసులో చైనా నుంచి తండ్రితో వచ్చిన టైరస్ వాంగ్ అనే చిత్రకారుడు, మంచులో తడిసినట్టుండే బాంబీ అడవికి ఆ రూపం ఇచ్చినవాడు. సమ్మెలో లేకపోయినా ఆ తరువాతి తొలగింపులలో అతని ఉద్యోగం పోయింది. సినిమాలో అతని పేరు నేపథ్య చిత్రకారులలో ఒకడిగా మాత్రమే పడింది. ఆ సంస్థే అతనికి 2001లో తన అత్యున్నత గౌరవమిచ్చింది. 2016లో 106 ఏళ్ల వయసులో మరణించేవరకు ఆయన గాలిపటాలు తయారుచేసి సముద్రపు ఒడ్డున ఎగురవేసేవాడు.

వదలి వెళ్లినవారిలో కొందరు కలిసి యు.పి.ఎ. అనే సంస్థ పెట్టి, తక్కువ గీతలతో కొత్త తరహా చిత్రాలు తీశారు. మాటలకు బదులు శబ్దాలు మాత్రమే వచ్చే బాలుడి కథ 'జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్' (1950) వారిదే. దానికి ఆస్కార్ వచ్చింది.

చెదపురుగుల మేడ

వార్నర్ సంస్థ కార్టూను సిబ్బందిలో కొందరు 1935 ప్రాంతంలో ఒక పాత చెక్క బంగళాలో కూర్చునేవారు. దానికి వారే 'టెర్మైట్ టెర్రస్', అంటే చెదపురుగుల మేడ, అని పేరు పెట్టుకున్నారు. టెక్స్ ఏవరీ, చక్ జోన్స్, బాబ్ క్లాంపెట్ అక్కడివారే. డఫీ డక్ 1937లో, బగ్స్ బన్నీ ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో 1940లో వచ్చాయి. బగ్స్‌కూ, డఫీకీ, మరెన్నో పాత్రలకూ గొంతు ఒక్కరిదే, మెల్ బ్లాంక్. జీతం పెంచమని అడిగితే యజమాని ఒప్పుకోలేదని, దానికి బదులు తెరమీద తన పేరు వేయించుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. డబ్బు రాకపోయినా ఆ పేరు చూసి రేడియోవారు పిలిచారు.

చక్ జోన్స్ 1989లో అచ్చయిన ఆత్మకథలో ఒక పై అధికారిని తలుచుకుంటాడు. ఎద్దులతో పోరాటంలో నవ్వు పుట్టదు, అలాంటివి తీయవద్దు అని ఆయన గదిలోకి వచ్చి అన్నాడట. అప్పటిదాకా అలాంటి ఆలోచన లేని జోన్స్, ఆయన ఎప్పుడూ తప్పే చెబుతాడు గనుక ఇందులో ఏదో ఉందని భావించి 'బుల్లీ ఫర్ బగ్స్' (1953) తీశాడు. అది చూసి పొట్ట చెక్కలు కానివారు లేరు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1957లో వచ్చిన 'వాట్స్ ఆపెరా, డాక్?'. వాగ్నర్ గంభీర సంగీతానికి ఇనుప టోపీ పెట్టుకున్న వేటగాడు ఎల్మర్, గుర్రమెక్కి వచ్చే బగ్స్ బన్నీ. ఏడు నిమిషాలలోపే వీరం, శృంగారం, కరుణ అన్నీ నడిచిపోతాయి. మామూలుగా ఒక చిత్రానికి ఇచ్చే గడువు దీనికి చాలలేదు. అప్పుడు జోన్స్ బృందం రోడ్ రన్నర్ చిత్రం మీద పనిచేస్తున్నట్టు టైము కార్డులలో రాసి, ఆ వారాలను దీనికి వాడుకుంది. మస్టర్ రోల్ చూసిన అధికారులు ఈ సంగతి వింటే ముఖం చిట్లిస్తారేమో! 1992లో అది అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది.

ఏడు ఆస్కార్లు, ఒక ఫోన్

టామ్ అండ్ జెర్రీని 1940లో సృష్టించినవారు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. ఎం.జి.ఎం. సంస్థలో ఉద్యోగులు. మొదటి చిత్రం 'పుస్ గెట్స్ ద బూట్'లో వారి పేర్లే లేవు. తరువాతి కాలంలో ఈ జంట చిత్రాలకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఏడింటినీ అందుకున్నవాడు నిర్మాత ఫ్రెడ్ క్వింబీ, ఎందుకంటే బహుమతి నిర్మాతకు ఇచ్చేవారు.

ఆ ఏడింటిలో ఒకటి 'ద క్యాట్ కన్సెర్టో'. కచేరీ దుస్తులలో టామ్ హుందాగా పియానో ముందు కూర్చుని లిస్ట్ రచించిన రెండవ హంగేరియన్ రాప్సడీ వాయిస్తూంటే, పియానోలో నిద్రపోతున్న జెర్రీ లేచి అల్లరి మొదలుపెడతాడు. టామ్ వేళ్లు ఏ మెట్టు మీద పడుతున్నాయో అదే స్వరం మనకు వినిపించేంత శ్రద్ధగా గీశారు. టామ్ ముఖంలో ఆ విద్వాంసుడి గర్వం, కచేరీ మధ్యలో ఆపలేని అవస్థ చూస్తుంటే, వాడు పిల్లి అన్న సంగతే మరచిపోతాం. ఇంత చేసినా ఒక్క మాట లేదు. భాష రాని ఊళ్లో కూడా నవ్వించగల శక్తి అక్కడే ఉంది.

1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వల్ల పెద్ద స్టూడియోలు తమ చిన్న చిత్రాలను హాళ్లకు కట్టబెట్టే పద్ధతి పోయింది. ఆపై టెలివిజన్ వచ్చింది. 1957లో ఎం.జి.ఎం. లెక్కలు చూసుకుంది. పాత కార్టూన్లనే తిరిగి విడుదల చేసినా కొత్తవాటికి దాదాపు సమానంగా ఆదాయం వస్తున్నప్పుడు కొత్తవి ఎందుకు అనుకుంది. ఒక్క ఫోను పిలుపుతో కార్టూను విభాగం మూతపడింది. అంటే వారు బాగా చేసిన పనే వారి కొలువుకు ఎసరు తెచ్చింది. ఇంతకన్నా కఠినమైన రిట్రెంచ్‌మెంటు కారణం నేను ఎక్కడా చదవలేదు.

హన్నా, బార్బెరా అదే సంవత్సరం సొంత సంస్థ పెట్టి టీవీకి మళ్లారు. పాత ఖర్చులో పదో వంతు కూడా చేతిలో లేదు. కాబట్టి బొమ్మల సంఖ్య తగ్గించారు. యోగీ ఎలుగుబంటి మెడకు కాలరు, టై ఎందుకుంటాయో గమనించారా? ఒళ్లు కదలకుండా ఉంచి తల మాత్రమే కొత్తగా గీస్తే అతుకు కనిపించకుండా ఉండడానికి! పాత కార్టూన్ల నిండుదనం పోయింది నిజమే కానీ, ఇళ్లకు పంపేసిన ఎందరో పనివారికి మళ్లీ కొలువులు దొరికాయి. 1960లో వచ్చిన 'ఫ్లింట్‌స్టోన్స్' పెద్దలను కూడా రాత్రివేళ టీవీ ముందు కూర్చోబెట్టింది.

మన దేశంలో

మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లలను ఫ్రేము ఫ్రేముగా కదిపి ఒక చిన్న చిత్రం తీశారు. క్రమమైన శిక్షణ మాత్రం ప్రభుత్వ రంగంలోనే మొదలైంది. 1950లలో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూను విభాగం ఏర్పడింది. మనవారికి పని నేర్పడానికి డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లేర్ వీక్స్ వచ్చారు. మిషనరీ దంపతులకు భారతదేశంలోనే పుట్టిన వ్యక్తి ఆయన. జాతక కథ ఆధారంగా 'ద బన్యన్ డీర్' 1957లో తయారైంది. అప్పుడు శిక్షణ పొందినవారిలో ఒకరు రామ్ మోహన్. 1968లో ప్రభుత్వోద్యోగం విడిచి, ఎందరికో గురువై, జపాన్ దర్శకుడు యుగో సాకోతో కలిసి 1990ల మొదట్లో పూర్తయిన 'రామాయణ' యానిమేషన్ చిత్రానికి పనిచేశారు. 2014లో పద్మశ్రీ అందుకుని 2019లో కన్నుమూశారు.

1974లో భీమ్‌సేన్ తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' దూరదర్శన్‌లో చూడని కుటుంబం అరుదు. 1990లలో ఆదివారాలు 'డక్ టేల్స్', 'టేల్ స్పిన్' వచ్చే వేళకు వీధుల్లో పిల్లల సందడి ఉండేది కాదు. ఇప్పుడు మన హైదరాబాదే ఈ పనికి ఒక కేంద్రం. 2008లో మొదలైన 'ఛోటా భీమ్'ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ సంస్థ ఇక్కడిదే. మన పిల్లలో, పక్కింటి పిల్లలో ఈరోజు కంప్యూటరు ముందు కూర్చుని చేస్తున్నది ఫిట్జ్‌సిమన్స్ కొండలు గీసిన ఆ పనికి వారసత్వమే.

విరమణ తరువాత

చివరగా, మనవంటివారికి దగ్గరైన సంగతి. డిస్నీ స్టూడియోలో ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు ప్రాణస్నేహితులు 1930ల నుంచి పనిచేసి 1978లో విరమించారు. ఇరుగుపొరుగు ఇళ్లు. ఇంట్లో విశ్రాంతి తీసుకోకుండా, తమ తరం నేర్చుకున్న మెళకువలన్నిటినీ కలిసి రాసి 1981లో పెద్ద పుస్తకంగా తెచ్చారు. బంతి నేలకు తగిలినప్పుడు నొక్కుకుని, పైకి లేచేటప్పుడు సాగాలి, కానీ దాని పరిమాణం మారకూడదు, దూకబోయేవాడు ముందు కాస్త వంగాలి వంటి పన్నెండు సూత్రాలు అందులో ఉన్నాయి. నేడు కంప్యూటరు మీద యానిమేషన్ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ మొదటి పాఠం అదే.

సమ్మె నాయకుడు ఆర్ట్ బాబిట్ 1973లో లండన్ వెళ్లి రిచర్డ్ విలియమ్స్ స్టూడియోలోని యువకులకు పాఠాలు చెప్పాడు. అరవై అయిదు దాటిన ఆ మనిషి ముందు అప్పటికే పేరు పొందిన విలియమ్స్ కూడా శిష్యుడిలా కూర్చుని నోట్సు రాసుకున్నాడు. 1992లో మరణించిన బాబిట్‌కు డిస్నీ సంస్థ 2007లో తన గౌరవ పట్టికలో స్థానమిచ్చింది. బెట్టీ బూప్‌ను గీసిన గ్రిమ్ నాట్‌విక్ 1990లో నూరేళ్లు నిండిన పండుగను తోటి యానిమేటర్ల నడుమ చేసుకుని మరీ వెళ్లిపోయాడు. డంబో కథ రాసినవారిలో ఒకరైన జో గ్రాంట్ 1949లో డిస్నీని విడిచి, నలభై ఏళ్ల తరువాత ముసలితనంలో తిరిగి అక్కడే చేరి, 2005లో తన 97వ పుట్టినరోజుకు తొమ్మిది రోజుల ముందు కన్నుమూసేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు.

వీరంతా ఏం చేశారు? పోయిన పేరు కోసం వాపోతూ కూర్చోలేదు. చేతిలో ఉన్న విద్యను తరువాతివారి చేతిలో పెట్టారు.

కాబట్టి మన సభ్య సోదర సోదరీమణులకు నా విన్నపాలు రెండు. మనవలతో కూర్చుని కార్టూను చూసేటప్పుడు చివర పేర్ల పట్టిక రాగానే కట్టేయకండి. ఒక్క నిమిషం చూడండి. ఆ పేర్లు అక్కడ పడడానికి కొందరు తొమ్మిది వారాలు గేటు ముందు నిలబడ్డారు. రెండవది, మీ సెక్షన్‌లో మీరు నేర్చిన పని, మీకు నేర్పిన పెద్దల పేర్లు, ఏ పుస్తకంలోనూ లేని మెళకువలు నాలుగు పేజీలైనా రాసి మన పత్రికకు పంపండి. ఫైళ్లమీద మన పేర్లు లేకపోవచ్చు. మనకు పని నేర్పినవారి పేర్లయినా ఈ పత్రికలో ఉండాలి.